ఏలూరి యింటి బాడుగ

బాడుగ యను మాట సంస్కృత భాటకశబ్దమునకు తద్భవము. మాట ప్రాచీనమే గాని దానిపై రాజశాసనము నవీనము. 1866లో పురపాలకసంఘము నేర్పఱచుకొనిన ఏలూరు, 1925లో పశ్చిమగోదావరి మండలము విడివడగా దానికి ముఖ్యపట్టణమయ్యెను. కచ్చేరులు వచ్చినచోటికి ఉద్యోగులును, ఉద్యోగుల వెంట బాడుగయిండ్ల యక్కఱయు వచ్చుట సహజము.

మద్రాసు ప్రభుత్వము 1946లో బాడుగల నియంత్రణమునకు శాసనము చేసెను. తరువాతి 1960 నాటి ఆంధ్రప్రదేశ్ శాసనము పురపాలక పట్టణములన్నిటికిని వర్తించెను. న్యాయమైన బాడుగ నిర్ణయించుటకు 1944 ఏప్రిల్ 5కు ముందటి పండ్రెండు మాసముల బాడుగలను ఆధారముగా గొనుమని యందు విధింపబడెను. కొంత హెచ్చింపునకు వీలున్నను, బియ్యము, కట్టెలు నాటినాటి వెలకే కొనవలసిన గృహస్థుడు తన యింటికి మాత్రము యుద్ధకాలపు వెలనే కొలబద్దగా గైకొనుట యెట్లు? అద్దెకున్నవానికి మాత్ర మదియే రక్ష. 1957 ఆగస్టు 26 మొదలుకొని కట్టిన యిండ్లకు ఆ రక్షయు లేకుండెను. ఆ మినహాయింపును 1983లో సుప్రీంకోర్టు కొట్టివేసెను.

ద్వారకా తిరుమల పురపాలకము గాక గ్రామ పంచాయతీ యగుటచే, ప్రభుత్వము వేఱుగ ప్రకటించిననే తప్ప, ఈ శాసన మచ్చటి యిండ్లకు వర్తింపదయ్యెను.