గుమ్మడికి కుదిరిన జోడు

మన వంటిళ్ళలో గుమ్మడికాయలు రెండు. ఒకటి పాతకాపు, రెండోది సముద్రం దాటి వచ్చింది. గుమ్మానికి దిష్టి తగలకుండా కట్టేది, వడియాలకు కోరేది బూడిద గుమ్మడి. ఆయుర్వేదంలో కూష్మాండం అన్నది దీన్నే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత కూడా దీని మీద పుట్టిందే. ఆ కాయ మీది తెల్లటి పొడి మోసినవాడి భుజానికి అంటుకుంటుంది. పులుసులో వేసే తీపి గుమ్మడికి అలాంటి బూడిద ఉండదు.

తీపి గుమ్మడి పుట్టిల్లు అమెరికా ఖండాలు. మెక్సికోలోని వహాకా లోయలో గిలా నకిట్జ్ అనే గుహ ఉంది. అక్కడ దొరికిన గుమ్మడి గింజలు సుమారు 10,000 ఏళ్ళ నాటివి. మొక్కజొన్నను మచ్చిక చేసుకోవడానికి ముందే అక్కడి మనుషులు గుమ్మడిని సాగు చేశారు. 1492లో కొలంబస్ అటువైపు వెళ్ళేదాకా ఐరోపా వాళ్ళు గాని, మనం గాని దాని రుచి ఎరగం. ఆ తరవాత మాత్రం అది ఎంతో వేగంగా ప్రయాణం చేసింది. రోమ్‌లోని విల్లా ఫార్నెసీనా భవనం కప్పుకు 1515–1518 మధ్య వేసిన పూలు, పళ్ళ తోరణాల చిత్రాల్లో అమెరికా గుమ్మడికాయలు వేలాడుతూ కనిపిస్తాయి. ఎండిన గింజ తేలిక, పాడవదు, సంచీలో వేసుకుంటే ఏ ఓడలోనైనా వస్తుంది. వాస్కో డ గామా 1498లో కాలికట్ చేరాడు, 1510లో పోర్చుగీసులు గోవా పట్టుకున్నారు. ఆ ఓడల కాలంలోనే మిరప వచ్చింది, గుమ్మడీ వచ్చింది.

నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేసేది ఈ తరవాతి కథ. సొంత ఊళ్ళో గుమ్మడికి తోబుట్టువులున్నారు. ఉత్తర అమెరికాలో హోడెనొషోనీ జనం మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకే మడిలో వేసి వాటిని ముగ్గురు అక్కచెల్లెళ్ళని పిలుస్తారు. చేలో కలిసి పెరిగినవి కుండలోనూ కలుస్తాయి. మన ఊళ్ళకు గింజ వచ్చింది గాని, దాన్ని దేనితో కలిపి వండాలో చెప్పే మనిషి వెంట రాలేదు. ఆ జోడు వెతికింది మన ఆడవాళ్ళు, వంటవాళ్ళు. వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్ళు చేసిన నిర్ణయం మాత్రం ఈ రోజుకీ మన విస్తట్లో ఉంది.

వాళ్ళ చేతిలో అప్పటికే ఉన్నవి చింతపండు, బెల్లం, ఆవాలు, నువ్వులు, మినప్పప్పు, పెరుగు. పాత గుమ్మడికి జోడు పెరుగూ, మినప్పప్పూ. చప్పగా, నీరుగా ఉండే కాయ కాబట్టి మజ్జిగ పులుసులో ఒదిగింది, వడియాల పిండిలో కలిసిపోయింది. కొత్తగా వచ్చింది అలాంటిది కాదు. తియ్యగా, పిండిగా, మెత్తగా ఉంటుంది. పులుపు లేదు, ఘాటు లేదు. దానికి లేనిదేదో దాని పక్కన కూర్చోబెట్టాలి.

చింతపండు ఆ పని చేసింది. మాది విజయనగరం. మా అమ్మ గుమ్మడి దప్పళం కాస్తే ఆనపకాయ, మునక్కాడ, చిలగడదుంప, వంకాయ అన్నీ ఉండేవి గాని పెత్తనం గుమ్మడి ముక్కదే. తొక్క తియ్యకుండా అరచేతిలో సగం వచ్చేంత ముక్కలు కోసేది. వాటిని మామూలు నీళ్ళలో ఎక్కువసేపు ఉంచేది కాదు, కాస్త మెత్తబడగానే చింతపండు రసం పోసేది. పులుపు తగిలాక కూరగాయ ముక్క నిదానంగా మెత్తబడుతుంది. ఉత్త నీళ్ళలో చిటికెలో చితికిపోయే గుమ్మడి, పులుసులో గంట మరిగినా ముక్క ముక్కలాగే నిలుస్తుంది. రుచి కోసం పోసిన పులుపు ముక్కను కూడా కాపాడిందన్న మాట. మళ్ళీ దానికి బెల్లం ముక్క. తియ్యటి కాయకు తీపి ఎందుకని మా పొరుగున వరంగల్ నుంచి వచ్చిన వదినగారు అడిగేవారు. ఆవిడ తియ్య గుమ్మడికి నువ్వుల పొడీ, కారమే చల్లేవారు. అదీ బాగుంటుంది. కానీ పులుసులో బెల్లం పని తీపి చెయ్యడం కాదు, చింతపండు పులుపును గుమ్మడి తీపి దగ్గరికి తీసుకురావడం.

ఇంతకీ బెల్లంతో గుమ్మడిని కలిపింది మనమొక్కళ్ళమే కాదు. 1493లో కొలంబస్ రెండో ప్రయాణంలో చెరకు అట్లాంటిక్ దాటింది. మెక్సికోలో ఈ రోజుకీ నవంబరు మొదట్లో, చనిపోయినవాళ్ళను తలుచుకునే పండక్కి, పెద్ద పెద్ద గుమ్మడి ముక్కల్ని దాల్చినచెక్క వేసి అచ్చు బెల్లం పాకంలో ఉడికిస్తారు. మన వైపు చెరకు అటు వెళ్ళింది, వాళ్ళ గుమ్మడి ఇటు వచ్చింది. రెండు చోట్లా ఒకరినొకరు అడక్కుండానే ఒకే జోడు కట్టారు.

ఇటలీలోని మాంటువాలో క్రిస్మస్ ముందు రాత్రి గుమ్మడి గుజ్జు కూరిన తోర్తెల్లి తింటారు. గుమ్మడిలో వాళ్ళు బాదం బిస్కెట్ల పొడి, జున్నుతో పాటు మోస్తార్దా కలుపుతారు. మోస్తార్దా అంటే పళ్ళ ముక్కలను చక్కెర పాకంలో ఊరబెట్టి ఆవ ఘాటు పట్టించినది. ఈ సంగతి చదివిన రోజు నాకు మా అమ్మ ఆవ పెట్టిన గుమ్మడి కూరే తలపుకొచ్చింది. తీపి గుమ్మడి, తియ్యటి పాకం, ఆవ: మూడూ అవే.

ఆవ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు తప్పిపోతున్నది అదే. ఆవగింజ నమిలితే మొదట ఏమీ తెలియదు. గింజ నలిగి, తడి తగిలినప్పుడే ఘాటు పుడుతుంది. వేడి తగిలితే ఆ ఘాటు పోతుంది. మన పెద్దవాళ్ళకు రసాయన శాస్త్రం తెలియకపోవచ్చు గాని ఈ రెండూ తెలుసు. ఆవాలు, ఎండుమిరపకాయ, రెండు ఉప్పు రాళ్ళు రోట్లో వేసి, నీళ్ళు చిలకరించి మెత్తగా నూరి కాసేపు పక్కన పెట్టేవారు. కూర దించి, పొగలు తగ్గాక కలిపేవారు. “పొయ్యి మీదుండగా కలిపితే చేదెక్కుతుందే అమ్మాయ్, కాస్త ఆగు” అనేది మా అమ్మ. ఆ ముద్దలోని మిరపకాయ గుమ్మడితో పాటే అమెరికా ఖండాల నుంచి వచ్చినది. అక్కడి పొరుగువాళ్ళిద్దరూ మా రోట్లో మళ్ళీ కలుసుకున్నారు.

పెళ్ళయ్యాక నేను తెనాలి వెళ్ళాను. మా అత్తగారు గుమ్మడిలో ఇంగువ పోపు పెట్టి, కారం బాగా దట్టించేవారు. బెల్లం ఉన్నా లేనట్టే. రుచుల సరిహద్దు కృష్ణ దగ్గరే ఉందని నాకు అప్పుడు తెలిసింది. ఉత్తరాంధ్రకు, కోనసీమకు తీపి పులుపు మీద మనసు, కృష్ణ దాటితే కారం మీద.

పరదేశి కాయను మనం వంటింటి దాకానే రానిచ్చి ఊరుకోలేదు. బతుకమ్మ పేర్చేటప్పుడు పళ్ళెంలో మొదట పరిచేది గుమ్మడాకు, గుమ్మడి పువ్వే గౌరమ్మ అయ్యే ఇళ్ళున్నాయి. సంక్రాంతికి గొబ్బెమ్మల మీద గుచ్చేది గుమ్మడి పువ్వు, పుణ్యకాలంలో దానమిచ్చేది గుమ్మడి పండు.

పండు అనడం సరైనదే. తొడిమతో కోసి, ఎండ చూపించి, అటక మీద పెడితే గుమ్మడి నెలల తరబడి నిలుస్తుంది. నిలవుంటున్న కొద్దీ లోపలి పిండి చక్కెరగా మారుతూ తీపెక్కుతుంది. పంట చేతికొచ్చినా కూరగాయలు లేని రోజుల్లో ఇంటిని ఆదుకున్నది అటక మీది కాయే. తొడిమ ఊడిన కాయను మాత్రం ముందు వండెయ్యాలి, అక్కడి నుంచే కుళ్ళు మొదలవుతుంది.

డాలస్‌లో ఉన్న మా అమ్మాయి అక్కడ దొరికే బటర్‌నట్ స్క్వాష్‌తో పులుసు కాస్తుంది. నేను రుచి చూసి సంతోషించాను, ఆశ్చర్యపోలేదు. అది మన గుమ్మడి జాతిదే. 1970లో అమెరికాలో బహుమతి గెలుచుకున్న వాల్తాం బటర్‌నట్, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసిన అర్కా చందన్ ఒకే జాతి పిల్లలు. అక్కడా దానికి చింతపండే నప్పుతుంది.

నాకు నచ్చనిది ఒకటుంది. ఇప్పుడు హోటళ్ళలో, పెళ్ళి భోజనాల్లో గుమ్మడికి అల్లం వెల్లుల్లి, గరం మసాలా పట్టించేస్తున్నారు. లవంగం, వెల్లుల్లి ముందు గుమ్మడి నోరెత్తలేదు. దాని తీపి మెత్తటిది, దాన్ని వినిపించేది పులుపూ, ఆవ ఘాటూ, నువ్వుల కమ్మదనమూ. నెయ్యి గాని, నువ్వుల నూనె గాని తగలాలి. రుచికే కాదు, ఆ పసుపురంగులోని కెరోటిన్ ఒంటికి పట్టాలన్నా కొవ్వు కావాలి.

ఈ సంక్రాంతికి కోసిన ముక్కల ప్యాకెట్టు కొనకండి. తొడిమ ఉన్న ముదురు కాయ, గోరు గుచ్చితే దిగనిది తీసుకోండి. సగం దప్పళానికి, సగం ఆవ కూరకు. ఆవ మాత్రం ఆ పూటే నూరండి, కూర దించాకే కలపండి.