గొలుసు కట్టిన లోహము

శంషాబాదు విమానాశ్రయమునందు ప్రయాణికుల పెట్టెలకు చుట్టెడి పలుచని ప్లాస్టిక్ పొరను మనలో పలువురము చూచియుందుము. ఆ విమానాశ్రయము 2008లో ప్రారంభమైనది. అంతకు 75 ఏండ్ల ముందు, 1933లో, ఇట్టి పొరలకు మూలమైన పాలిథీన్ ఇంగ్లండులోని ఐ.సి.ఐ. ప్రయోగశాలలో పుట్టినది. ఇథిలీన్ వాయువు అణువులను దండవలె గుచ్చినచో పాలిథీన్ అగును. కాని నాడు అందులకు వాయుమండల పీడనమునకు వెయ్యిరెట్లు మించిన ఒత్తిడి కావలసివచ్చెను.

జర్మనీలోని మ్యూల్‌హైమ్ పట్టణమున కార్ల్ జీగ్లర్ అల్యూమినియం సమ్మేళనములతో ఈ గొలుసును పెంచ యత్నించుచుండెను. ఒకమారు రెండు అణువులు కలియగానే గొలుసు తెగిపోయినది. పాత్రలో లేశమాత్రముగా మిగిలిన నికెల్ అందులకు కారణమని తేలినది. పాత్రను కడిగి ఊరకుండక, తక్కిన లోహములేమి చేయునో చూతమని జీగ్లర్ బృందము ఒక్కొక్కదానినే పరీక్షించెను. 1953లో జిర్కోనియం, ఆపై టైటానియం సమ్మేళనములు స్వల్ప పీడనముననే తెల్లని పాలిథీన్‌ను ఇచ్చినవి.

టైటానియం పరమాణువు తన ప్రక్కకు వచ్చిన ఇథిలీన్‌ను, తన్నంటియున్న గొలుసుకు చేర్చును. మరల మరొకదానికి చోటిచ్చును. 1954లో ఇటలీ దేశీయుడు జూలియో నత్తా ప్రొపిలీన్ అణువులను సైతము ఒకే తీరున వరుస దీర్చెను. ఇరువురకును 1963లో నోబెల్ బహుమానము లభించినది.

ఈ కథను మేము నేడు చెప్పుటకు కారణమున్నది. ఆ గొలుసు గట్టిదనమే మన చెత్తకుప్పలకు తీరని బెడద యైనది. కట్టిన లోహములచేతనే దానిని విప్పింపవచ్చునా యని రసాయన శాస్త్రజ్ఞులు ఇప్పుడు పరిశోధించుచున్నారు. ఆనాటి నికెల్ వలెనే, గొలుసును త్రెంచు లోహము నేడు మనకు మిత్రము కావచ్చును.