ఐడ్లింగ్ సమస్యల నిర్ధారణ (కార్బురేటరు కార్లు)

యాక్సిలరేటరు తొక్కకుండా, గేరు వేయకుండా ఉన్నపుడు ఇంజిను తనంతట తాను తక్కువ వేగంతో తిరుగుతూ ఉండడాన్ని ఐడ్లింగ్ అంటారు. కార్బురేటరు గల పాత కార్లలో ఐడ్లింగ్ నిలకడగా లేకపోవడం తరచుగా కనిపించే లోపం. దీనికి కారణం కార్బురేటరే అని చాలామంది భావిస్తారు. కానీ జ్వలన వ్యవస్థ, వాల్వులు, గాలి లీకులు కూడా సరిగ్గా ఇవే లక్షణాలను కలిగిస్తాయి. అందువలన పరీక్షలను ఒక వరుసలో చేయడం ముఖ్యం. ఈ వ్యాసంలో రెండు ఎస్.యు. కార్బురేటర్లు గల ఎం.జి.బి. కారును ఉదాహరణగా తీసుకొని ఈ పద్ధతి వివరించబడినది.

నేపథ్యం

ఎం.జి.బి. ఇంగ్లాండులోని అబింగ్డన్ కర్మాగారంలో 1962 నుండి 1980 వరకు తయారైన స్పోర్ట్స్ కారు. ఇందులో 1798 సీసీ బి-సిరీస్ ఇంజిను ఉంటుంది. భారతదేశంలో హిందుస్తాన్ మోటార్స్ సంస్థ 2014 వరకు తయారు చేసిన అంబాసిడర్ కారులో దీర్ఘకాలం వాడిన 1489 సీసీ పెట్రోలు ఇంజిను కూడా ఈ బి-సిరీస్‌కు చెందినదే. కాబట్టి ఇక్కడ చెప్పిన ఇంజిను పరీక్షలలో చాలా భాగం దానికీ వర్తిస్తుంది.

పనిచేసే విధానం

ఎస్.యు. కార్బురేటరులో ఒక పిస్టను గాలి ప్రవాహాన్ని బట్టి పైకి, కిందికి కదులుతుంది. పిస్టనుకు బిగించిన మొన తేలిన సూది జెట్ రంధ్రంలో కదిలి పెట్రోలు పరిమాణాన్ని నియంత్రిస్తుంది. ఐడ్లింగ్ కొరకు ప్రత్యేకమైన జెట్ ఉండదు. అన్ని వేగాలకూ ఒకే జెట్ పెట్రోలు అందిస్తుంది. ఎం.జి.బి.లో ముందు కార్బురేటరు ముఖ్యంగా 1, 2 సిలిండర్లకు, వెనుకది 3, 4 సిలిండర్లకు మిశ్రమాన్ని పంపుతుంది.

మొదట చూడవలసినవి

కార్బురేటరు స్క్రూలను తాకక ముందే కింది అంశాలను సరిచూడాలి.

* టాపెట్ల సందు 0.015 అంగుళాలు (0.38 మి.మీ.) ఉండాలి. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ ఇంచుమించు సమానంగా ఉండాలి.
* లూకాస్ 25డి4 డిస్ట్రిబ్యూటరులో పాయింట్ల సందు 0.014 - 0.016 అంగుళాలు (0.35 - 0.40 మి.మీ.) ఉండాలి.
* స్పార్క్ ప్లగ్గులు, తీగలు, డిస్ట్రిబ్యూటరు మూత, టైమింగ్ సరిగా ఉండాలి.
* చోక్ తీగ, యాక్సిలరేటరు తీగ పూర్తిగా వెనుకకు రావాలి.

మెకానిక్కులు మిస్సింగ్ అని పిలిచే లోపం ఏ సిలిండరులో ఉన్నదో గుర్తించడం తరువాతి మెట్టు. ఒక్కొక్క సిలిండరును వంతులవారీగా నిలిపివేసి ఇంజిను వేగం గమనించాలి. ఒక సిలిండరును నిలిపినా వేగం తగ్గకపోతే అది సరిగా పనిచేయడం లేదని అర్థం. ఒక్క సిలిండరే బలహీనంగా ఉంటే ప్లగ్గును, తీగను, వాల్వును అనుమానించాలి. 1, 2 సిలిండర్లు రెండూ బలహీనంగా ఉంటే ముందు కార్బురేటరును, 3, 4 అయితే వెనుకదానిని పరీక్షించాలి.

లక్షణాలు, కారణాలు

* ఐడ్లింగ్ వేగం ఎక్కువగా ఉండి తగ్గకపోవడం: మేనిఫోల్డ్ గాస్కెట్ వద్ద లేదా అరిగిన థ్రాటిల్ కడ్డీ వద్ద గాలి లీకు, బ్రేకు సర్వో గొట్టానికి పగులు. కొన్ని నమూనాలలో థ్రాటిల్ పళ్ళెంపై ఉండే చిన్న వాల్వు మూసుకోకపోవడం కూడా కారణమే.
* ఇంజిను ఊగిసలాడి ఆగిపోవడం: మిశ్రమంలో పెట్రోలు తక్కువ కావడం, పెట్రోలులో నీరు చేరడం.
* నల్లని పొగ, ప్లగ్గులపై మసి: మిశ్రమంలో పెట్రోలు ఎక్కువ కావడం, ఫ్లోటుకు చిల్లు పడడం, సూది వాల్వులో చెత్త చేరడం.

డాష్‌పాట్‌లోని నూనె తక్కువైతే వేగం పెంచేటపుడు ఇంజిను తడబడుతుంది. నిలకడైన ఐడ్లింగ్‌పై దాని ప్రభావం స్వల్పం.

సర్దుబాటు

ఇంజిను పూర్తిగా వేడెక్కిన తరువాతే సర్దుబాటు చేయాలి. ముందుగా ఇంజిను ఆపి, డాంపరు తీసి, పిస్టనును పైకెత్తి వదలాలి. అది టక్కుమనే శబ్దంతో కిందికి పడాలి. పడకపోతే గదిని శుభ్రం చేయాలి. ఒక కార్బురేటరు పిస్టనును, గదిని రెండవ దానితో కలపరాదు.

రెండు కార్బురేటర్లను కలిపే కడ్డీని వదులు చేసి, సన్నని గొట్టం ఒక కొనను చెవి వద్ద, మరొక కొనను గాలి ద్వారం వద్ద ఉంచి వినాలి. రెండింటి బుసశబ్దం సమానమయ్యే వరకు థ్రాటిల్ స్క్రూలను సరిచేయాలి.

తరువాత మిశ్రమాన్ని పరీక్షించాలి. పిస్టనును సుమారు 0.8 మి.మీ. పైకెత్తినపుడు వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ. వెంటనే తగ్గితే పెట్రోలు తక్కువ. క్షణం పాటు కొద్దిగా పెరిగి సర్దుకుంటే మిశ్రమం సరిగ్గా ఉన్నట్లు. హెచ్.ఎస్. రకంలో జెట్ నట్టును కిందికి తిప్పితే పెట్రోలు పెరుగుతుంది, పైకి తిప్పితే తగ్గుతుంది. ఒకసారికి నట్టు యొక్క ఒక్క ముఖం మేరకే తిప్పాలి. మిశ్రమం మార్చిన తరువాత గాలి సమతుల్యతను మరల సరిచూసి, కడ్డీని బిగించాలి.

జాగ్రత్తలు

ఎం.జి.బి.లో వేడి ఎగ్జాస్ట్ గొట్టాలు కార్బురేటర్ల కిందనే ఉంటాయి. గాలి లీకు కనుగొనుటకు మండే ద్రవాలను చల్లితే నిప్పు అంటుకోవచ్చు. సర్వో గొట్టాన్ని కొద్దిసేపు నొక్కి పట్టి చూడడం, థ్రాటిల్ కడ్డీ చివర ఒక చుక్క నూనె వేసి వేగంలో మార్పును గమనించడం సురక్షితం. పెట్రోలు కారుతుంటే ముందు దానిని ఆపాలి. బ్రిటనులో 2021 సెప్టెంబరు నుండి 10 శాతం వరకు ఇథనాల్ గల పెట్రోలు సాధారణ రకంగా మారినది. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను దెబ్బతీయగలదు కాబట్టి వాటిని తగిన రకంతో మార్చడం మంచిది.

మూసిన షెడ్డులో ఇంజిను నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు. మనిషి గమనించేలోపే అది ప్రాణాపాయం కలిగించగలదు.