గొడుగు, రాయి, 289వ సెక్షను: సుంగై సుమున్ రోడ్డు మీద చిన్న కుక్కతో

ఎపిసోడ్‌లో ఈ సంగతి రెండు నిమిషాల్లో దాటేశాను. అది విని ఖతార్ నుంచి ఒకన్న, సింగపూర్ నుంచి ఒకక్క ఒకే ప్రశ్న పంపారు: "బుడ్డికి ఏమైంది? నీ చెయ్యి ఎలా ఉంది?" ఇద్దరం బానే ఉన్నాం. కానీ ఆ ఒక్క సాయంత్రం వెనకాల నూరేళ్ల కథ ఉందని నాకూ తర్వాతే తెలిసింది. అందుకే ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నా.

సుంగై సుమున్ పెరాక్ రాష్ట్రంలో, బగాన్ దాతుక్ జిల్లాలో ఉంది. రోడ్డుకి రెండు పక్కలా పామాయిల్, సముద్రం వైపు పోయేకొద్దీ కొబ్బరి. బుడ్డి అనేది నాకంటే ముందు నా గదిలో ఉన్నతను ఊరెళ్లిపోతూ వదిలేసిన కుక్క. నాలుగు కిలోలు ఉంటుందేమో. డ్యూటీ దిగాక దాన్ని తోట రోడ్డు మీద తిప్పడం నాకు అలవాటైంది. ఇంటికి ఫోన్ చేసేది కూడా ఆ నడకలోనే.

ఆ రోజు పాత ఇనుము యార్డు గేటు తెరిచి ఉంది. రెండు పెద్ద కుక్కలు అరవకుండా వచ్చాయి. అరిచే కుక్కని చూసి భయపడతాం గానీ, అరవకుండా వచ్చేదాన్ని చూసే భయపడాలి. నేను బుడ్డిని ఎత్తి గుండెకి పట్టుకున్నా. ఒకటి ఎగిరి నా ముంజేతిని పట్టింది. ఎదురింటి తాత బయటికొచ్చి గొడుగు టప్పున తెరిచి దాని మొహానికి అడ్డం పెట్టాడు. కుక్క ఆగింది. దానికి మనిషి కనపడలేదు, నల్లగా ఏదో గోడ లేచింది అంతే. అలాగే గొడుగు అడ్డం పెట్టుకుని, వెనక్కి వెనక్కి నడిపించి మమ్మల్ని తన వసారాలోకి తెచ్చాడు.

"పరిగెత్తలేదు, మంచి పని చేశావు అబ్బాయ్. కానీ ఎత్తకూడదు. ఎత్తితే దానికోసం నీ మీదకి ఎగురుతుంది. నీ కాళ్ల వెనక్కి లాక్కో, ముందు ఏదో ఒకటి అడ్డం పెట్టు."

తాత తెలుగు మన తెలుగే, మధ్యలో అరవం, మలాయ్ పడతాయి. వాళ్ల తాత విశాఖపట్నం జిల్లా నుంచి కంగాణీతో వచ్చాడట. ఒప్పంద కూలీ పద్ధతి 1910లో ఆగిపోయింది. ఆ తర్వాత కంగాణీలే తమ ఊళ్లకెళ్లి చుట్టాల్నీ, పక్కింటివాళ్లనీ వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు. 1938లో ఇండియా ప్రభుత్వం కూలీలను మలయాకి పంపడం ఆపేదాకా అలా సాగింది. మనకి ఇప్పుడు ఏజెంటు ఉన్నాడు, వాళ్లకి కంగాణీ ఉన్నాడు. తేడా ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

ఈ తోటల్లో కుక్కలు రెండు రకాలని తాత అన్నాడు. దొర బంగళా కుక్కకి కంచె ఉంది, గొలుసు ఉంది, దాన్ని నడిపించే మనిషీ ఉన్నాడు. ఆ మనిషి కూడా కూలీయే. కూలీ లైన్లలో కుక్కకి అవేమీ లేవు. వరసగా గదులు, ముందు ఖాళీ జాగా. ఆ కుక్క ఒకరిది కాదు, లైను మొత్తానిది. రాత్రి కొత్త మనిషొస్తే అరవాలి, లేత మొక్కల్ని తవ్వే అడవిపందిని తరమాలి. పందిని తరమడం ఒక్కదానివల్ల కాదు, గుంపుగా పోవాలి. తర్వాత రబ్బరు పోయి పామాయిల్ వచ్చింది. లైన్లలో జనం టౌన్లకి వెళ్లిపోయారు, వాళ్ల జాగాలోకి మనలాంటి విదేశీ కూలీలు వచ్చారు. గుంపు మాత్రం పోలేదు. చిన్నగా కదిలేది ఏది కనపడినా దాని మీదకి పోతుంది.

ఇక్కడ ఒక ముచ్చట. మన ఊళ్లో కుక్క మీదకొస్తే రాయి తీసినట్టు వంగుతాం కదా. చేతిలో రాయి లేకపోయినా సరే, అది పారిపోతుంది. తోట లైన్ల కుక్కల దగ్గర ఇక్కడా అదే పని చేస్తుంది, నేను చూశాను. యార్డు కుక్కల దగ్గర పని చెయ్యలేదు. గేటు లోపల పెరిగిన కుక్క మీద ఎవరూ రాయి వెయ్యలేదు, దానికి వంగడం అంటే ఏంటో తెలియదు. వీధికుక్కకి తెలిసిన చరిత్ర దానికి తెలియదన్నమాట.

తాత నన్ను కుళాయి దగ్గర కూర్చోబెట్టి, సబ్బు పెట్టి, గడియారం చూసి పదిహేను నిమిషాలు చెయ్యి కడిగించాడు. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టనివ్వలేదు. తర్వాత క్లినిక్కి వెళ్తుంటే నా బుర్రలో ఒకటే లెక్క: బొడ్డు చుట్టూ 14 సూదులు. మా నాన్న చెప్పిన భయం అది. ఆ భయానికీ చరిత్ర ఉంది. పాశ్చర్ 1885లో మొదటి టీకా వేశాడు. మన దక్షిణాదికి కూనూరులో 1907లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. 1911లో కసౌలీలో సెంపుల్ అనే డాక్టరు జంతువుల మెదడు నుంచి తయారుచేసిన టీకాయే మన పెద్దలు పొడిపించుకున్నది. ఇండియాలో 2004 దాకా అది నడిచింది. ఇప్పుడు భుజానికి నాలుగైదు డోసులే. గాయం లోతుగా ఉంటే దాని చుట్టూ వేరే ఇంజెక్షన్ కూడా వేస్తారు.

క్లినిక్కులో అడిగిన ప్రశ్నలకీ ఒక పాత కారణం ఉంది. 1952లో కౌలాలంపూర్‌లో రేబిస్ పడింది. అప్పటి ప్రభుత్వం కుక్కలన్నిటికీ టీకా తప్పనిసరి చేసి, దిక్కులేని కుక్కల్ని చంపించింది. తర్వాత థాయ్‌లాండ్ సరిహద్దు వెంట టీకా వేసిన కుక్కలతో ఒక పట్టీలాగా కాపలా పెట్టింది. చాలా ఏళ్లు అది నిలిచింది. 2015లో పెర్లిస్, కెడా, పెనాంగ్‌లలో రేబిస్ మళ్లీ కనపడింది. 2017లో సరవాక్‌లో మొదలై మనుషుల ప్రాణాలు తీసింది. కాబట్టి "ఇక్కడ రేబిస్ లేదులే" అని ఎవరన్నా అంటే వినకండి, క్లినిక్కి వెళ్లండి.

యార్డు మీద కేసు పెట్టొచ్చా అని అడిగితే తాత నవ్వి, "289" అన్నాడు. జంతువుని అజాగ్రత్తగా వదిలి మనిషి ప్రాణానికో, పెద్ద గాయానికో ముప్పు తెస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇది 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లోని సెక్షను. అదే కోడ్ మన జనంలాగే సముద్రం దాటి 1872లో పెనాంగ్, సింగపూర్ ఉన్న స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్‌లో అమల్లోకొచ్చింది, తర్వాత మిగతా మలయాకి పాకింది. మలేషియాలో ఇప్పటికీ అదే నంబరు. ఇండియాలో మాత్రం 2024 జులై నుంచి కొత్త చట్టంలో 291 అయింది.

ఆ సెక్షను చదివితే నాకు తట్టింది ఒకటే. అందులో మనిషి ఉన్నాడు, బుడ్డి లేదు. 1952 నాటి చర్యలూ రేబిస్ నుంచి మనిషిని కాపాడటానికే. నడకలో చిన్న కుక్కకి ఉన్న రక్షణ గొలుసు పట్టుకున్న చెయ్యే. ఆ చేతికి గాయమైతే దాని ఖర్చు వేరే లెక్క. 2019 జనవరిలో విదేశీ కూలీలకి కూడా పెర్కెసో వచ్చింది, కానీ అప్పుడది పనిలో తగిలిన గాయానికి. సాయంత్రం షికారుకి కాదు. నాకు కాటు పడింది డ్యూటీ అయ్యాక. డబ్బు నా జేబులోంచే పోయింది, రెండు రోజుల కూలీ కూడా పోయింది. ఆ నెల ఇంటికి తక్కువ పంపాను, కారణం చెప్పలేదు. ఇది చదివితే అమ్మకి తెలిసిపోతుంది.

యార్డు మీద నేను కేసు పెట్టలేదు. పర్మిట్టు మీద బతికేవాడు ఎందుకు పెట్టడో మీకు తెలుసు. తాతే వెళ్లి మాట్లాడాడు. వాళ్లు గేటుకి బయట గొళ్లెం పెట్టించారు.

ఇప్పుడు నా చేతిలో ఎప్పుడూ పొడుగు గొడుగు ఉంటుంది. జేబులో గుప్పెడు ఎండుచేప ముక్కలు, ఎదురొచ్చే కుక్క ముందు విసిరి దాటుకోవడానికి. గొలుసు పొట్టిది. మెడకి కాదు, ఛాతీకి కట్టే బెల్టు. మెడకి కట్టి వెనక్కి లాగితే దానికి ఊపిరాడదు. కుక్కలు కలబడితే మధ్యలో చెయ్యి పెట్టను. ఎదురుగా మలాయ్ పిల్లలు వస్తే ముందే రోడ్డు అవతలికి పోతాను. కుక్క చొంగ తగిలితే వాళ్లు ఏడుసార్లు కడుక్కోవాలి, అందులో ఒకసారి మట్టినీళ్లతో. వాళ్లకి ఆ పని పెట్టడం ఎందుకు.

బుడ్డి కూడా మారింది. యార్డు దగ్గరికి రాగానే తనే నా కాళ్ల వెనక్కి వస్తుంది. శనివారాలు వాళ్లు గొళ్లెం వెయ్యడం మర్చిపోతారు. ఆ రోజు మేము కొబ్బరితోట వైపు తిరుగుతాం.