ఇంగ్లీషు వ్యాకరణము – మన విద్యార్థి

1823లో రాజా రామమోహనరాయలు గవర్నరు జనరలు ఆమ్హర్స్టునకు లేఖ వ్రాయుచు, యువకులు సంస్కృత వ్యాకరణ సూక్ష్మములకై పండ్రెండేండ్లు వెచ్చించుట నిష్ఫలమనెను. గణితము, రసాయనశాస్త్రము నేర్పవలెనని కోరెను. ఇంగ్లీషు బడులు విస్తరించినవి గాని వ్యాకరణపు వల్లె తప్పలేదు. యార్కు నగరమందలి ఒక బాలికల పాఠశాలకై లిండ్లీ మర్రే రచించి 1795లో ప్రకటించిన వ్యాకరణమే మన దేశపు విద్యార్థుల చేతికిని వచ్చెను. ఇంట ఇంగ్లీషు పలుకు పిల్లలకై వ్రాసిన పుస్తకమది! మన బాలుడు ఆ భాష చెవిని పడకమునుపే దాని నిర్వచనములను కంఠస్థము చేయవలసివచ్చెను. అందలి భాషాభాగములలో మొట్టమొదటిది ఆర్టికిల్. హిందీ, తెలుగు వ్యాకరణములలో దానికి పేరు లేదు; పని మాత్రము కలదు. ‘ఒక రాజుండెను, ఆ రాజునకు సంతానము లేదు’ అని అవ్వ కథ చెప్పునపుడు ‘ఒక’, ‘ఆ’ అను మాటలు చేయు పని చాలవరకు అదియే. ఆ సంగతి యార్కు పుస్తకమునకు తెలియుటెట్లు?