ఓరుగంటి బడులలో ఆంగ్లక్రియ

“తానం జేసిన” అని యింట పలుకు ఓరుగంటి బాలుడు బడికి బోయి ఆ మాటనే ఆంగ్లమున వ్రాయవలసివచ్చినపుడు, తన భాషలోని “చేయు” ధాతువును పట్టుకొని “ఐ హావ్ డన్ ఎ బాత్” అని వ్రాయుటయు, ఉపాధ్యాయుడు “డన్” అను మాటను కొట్టివేసి దానిపై “హాడ్” అనియో “టేకెన్” అనియో దిద్దుటయు, ఏల యిట్లని యడిగినచో ఆంగ్లేయులట్లే యందురను సమాధానము తప్ప వేఱొకటి దొరకకపోవుటయు, ఈ సీమలో ఆంగ్లవిద్య యడుగిడిన నాటినుండియు జరుగుచున్న వ్యవహారమే. ఇది కంఠస్థము చేయవలసిన చిల్లర విషయమని నేర్పువారును నేర్చువారును విడిచిపుచ్చిరి. దీని వెనుక సుదీర్ఘమైన చరిత్ర కలదనియు, ఆ చరిత్రలో మన యోరుగల్లునకును పాలు గలదనియు నా నమ్మకము.

ఆంగ్లమున “హావ్” అనునది మొదట స్వామ్యమును దెలుపు క్రియ. వేయి సంవత్సరములకు పూర్వపు ఆంగ్లమున ఒకడు తాను లేఖ వ్రాసి ముగించితినని చెప్పదలచినచో, వ్రాయబడినదైన లేఖ తనకు గలదన్నట్లు చెప్పెడివాడు. అందు “వ్రాయబడిన” అను కృదంతము లేఖకు విశేషణమై, కొన్ని యెడల విశేష్యముతో లింగవచనవిభక్తులందు సమన్వయము నొందుచుండెను. కాలక్రమమున విభక్తిప్రత్యయములు రాలిపోగా, ఆ కృదంతము నామము నొడిని వీడి “హావ్” ప్రక్కకు జరిగెను. కలిగియుండుట యను నర్థము సడలి, పని ముగిసినదను నర్థము మాత్రమే నిలిచెను. వచ్చుట, పోవుట, లేచుట మొదలగు అకర్మకక్రియలకు సొంతము చేసికొనదగిన వస్తువేదియు లేదు గావున, వానికి “ఉండు” అను నర్థము గల క్రియయే సహాయమై చిరకాలము నిలిచినది. 1611లో వెలువడిన ఆంగ్ల బైబిలులో ఆ పాతపద్ధతి యింకను స్పష్టముగా గోచరించును. అనగా నేడు మన బాలురు పట్టికగా వల్లించు ప్రెజెంట్ పర్ఫెక్ట్ అను కాలము, పుట్టుకచేతనే ఒక నామమునకును ఒక క్రియకును నడుమ కుదిరిన సంబంధమన్నమాట.

తెలుగున “హావ్” వంటి క్రియ సహజముగా లేదు. ఇల్లు నాకున్నది యందుము గాని, నేనింటిని హావ్ చేయుచున్నానన్నట్లు చెప్పుట మన నుడికారము గాదు. కనుక కార్యసమాప్తిని మన భాష “ఉండు” ధాతువుతో సాధించుకొన్నది: చేసియున్నాడు, వచ్చియున్నాడు. “చేసినాడు” అను సామాన్యరూపము సైతము విడదీసి చూచినచో “చేసినవాడు” అనుటయే. ఆంగ్లేయుడు తాను చేసిన పనిని తన సొత్తుగా జెప్పుకొనగా, మనవాడు తానే ఆ పని చేసినవాడై నిలుచును. ఈ భేదమును ఒక్కసారి యెఱిగిన విద్యార్థికి ఆంగ్లకాలముల పట్టిక నిర్జీవమైన గళ్ల కాగితముగా గనబడదు.

సంస్కృతమున నీ విచిత్రము వేఱొక రూపమున నున్నది. “కథయామాస”, “చోరయాంచకార” అను, పరోక్షభూతమును దెలుపు లిట్ రూపములు పురాణపఠనము విన్నవారి కెల్ల పరిచితములే. వీనిలో “ఆమ్” అంతమునందుగల పూర్వభాగము మొదట ద్వితీయావిభక్తి నొందిన భావార్థకనామమే యనియు, దానికి “చేసెను” అను నర్థము గల “చకార” తోడైనదనియు భాషాచరిత్రవేత్తల యభిప్రాయము. ప్రాచీనతరమైన బ్రాహ్మణగ్రంథములలో కృధాతువే ప్రాయికముగా తోడుండగా, అస్, భూ ధాతువులు తరువాత విరివిగా వచ్చి చేరినవి. నామమును క్రియను జోడించి ముగిసిన కాలమును జెప్పుట యను నుపాయము పరభాషలవారి కొక్కరికే తోచినది గాదు.

ఇట్టి జంటలు మన యోరుగల్లునను గలవు. 1163లో కాకతీయ రుద్రదేవుడు హనుమకొండ వేయిస్తంభముల గుడిలో అచింతేంద్రకవి కూర్చిన సంస్కృతశాసనమును నెలకొల్పినాడు. ప్రతాపరుద్రుని కొలువున విద్యానాథుడు అలంకారశాస్త్రమును రచించినాడు. ఆ సంస్కృతవైభవము నడుమనే తెలుగు దానశాసనములలో భూమిని ధారవోసి యిచ్చుటయు, దేవుని ప్రతిష్ఠ సేయుటయు, చెఱువు గట్టించుటయు స్థిరమైన పలుకుబళ్లయి శిలల కెక్కినవి. భూమిని “పోయుట” యేమి? నీటిధారతో దానమిచ్చు నాచారము క్రియలో నిలిచిపోయినది. ఆచారము తెలియనివానికి ఆ జంట యేల కుదిరెనో తెలియదు. మన వైయాకరణులు ఇట్టి జంటలను శబ్దపల్లవములని పేర్కొనిరి. చేపట్టు, వెలివేయు, మేలుకొను మొదలగు వానియందు క్రియ తన మొదటి బరువును దించుకొని, నామముతో గలిసి క్రొత్త యర్థమును తాల్చును. డేన్ దేశీయుడైన యెస్పర్సన్ పండితుడు ఆంగ్లమున నిట్టి క్రియలకు “లైట్ వెర్బ్”, అనగా తేలికక్రియ, అని పేరిడినది ఇరువదవ శతాబ్దమున.

ఇక బడుల సంగతికి వచ్చినచో, ఓరుగల్లు చేరియుండిన నిజామురాజ్యమున 1884 ప్రాంతమున పారసీకమునకు బదులు ఉర్దూ రాజభాషయైనది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూలో జరుగ, ఆంగ్లము విధిగా నేర్వవలసిన భాషగా నుండెను. తెలుగునకు ఆశ్రయము గ్రంథాలయములే. 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వానిలో నగ్రగణ్యము. అట్టి కాలమున ఓరుగంటి విద్యార్థి తలలో ఒక్కొక్క భావమునకు మూడేసి జంటలు చేరినవి. ప్రమాణము చేయుట యింట “ఒట్టు పెట్టుకొనుట”. బడిలో ఉర్దూ మౌల్వీగారివద్ద “కసం ఖానా”, అనగా ఒట్టు తినుట. ఆంగ్లపు గంటలో “టేక్ ఎన్ ఓత్”, అనగా ఒట్టు తీసికొనుట. ఒట్టు ఒక్కటే, దానిని పెట్టుకొనువాడును, తినువాడును, తీసికొనువాడును నా బాలుడే! మూడు భాషల నింత సన్నిహితముగా నెఱిగినవానికి ఏ నామమునకు ఏ క్రియ తోడో తర్కముచేత తేలదని బోధించుట యెంత సులభమై యుండెడిదో తలచికొనిన నాకు విచారము గలుగును. ఆ సంపద చేతనుండగా దానిని వాడికొనలేదు.

వాడికొనకపోవుటకు పుస్తకములును కొంత కారణము. దేశమంతట నాడు రాజ్యమేలిన నెస్ఫీల్డు వ్యాకరణమున గాని, 1930ల నడుమ వెలసిన రెన్, మార్టినుల వ్యాకరణమున గాని కాలములొక చోటను నామములొక చోటను విభజింపబడినవి. “హావ్ మేడ్ ఎ స్పీచ్”, “హావ్ పెయిడ్ ఎ విజిట్” అను జంటల మూలసూత్రము ప్రధానాంశముగా బోధింపబడలేదు. ఇట్టి జంటలనే ప్రధానముగా దీసికొన్న ఆంగ్లభాషాబోధకుడు పామర్ 1933లో టోక్యోనుండి ఆంగ్లపదసాహచర్యములపై నివేదికను ప్రకటించెను. ఆయన మార్గము ననుసరించిన హార్న్‌బీ నిఘంటువు 1942లో నచ్చటనే వెలువడెను. ఇట్టి పదసాహచర్యమునకు పేరైన కలోకేషన్ అను పదమును భాషాశాస్త్రమున పారిభాషికముగా నిలిపిన ఫర్త్ మహాశయుడు లాహోరున ఆంగ్లాచార్యుడుగా నుండినవాడు. 1937లో గుజరాతీ, తెలుగు భాషల పరిశీలనకై మరల మన దేశమునకు వచ్చినవాడు. మాట తన సహవాసముచేత నెఱుగబడునను సిద్ధాంతమును ప్రచారము చేసిన పండితుడు తెలుగు చెవిని బెట్టి విన్నాడనుట నాకు గొప్ప సంతోషమును గలిగించు విషయము.

నిజామురాజ్యము భారతదేశమున కలిసిన 1948 తరువాత ఉర్దూస్థానమును ఉన్నతవిద్యలో ఆంగ్లమాక్రమించెను. 1958లో హైదరాబాదున ఆంగ్లబోధనకై కేంద్రసంస్థ వెలసెను. 1959లో ఓరుగంట ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు నెహ్రూ శంకుస్థాపన చేసెను. నలుదిక్కుల రాష్ట్రములనుండి విద్యార్థులు వచ్చుటతో ఆంగ్లము తరగతిగది దాటి భోజనశాలలోను వినబడసాగెను. అయినను మన విద్యార్థులు “నిన్న” అనుచునే “హావ్” వాడుట మానలేదు. తెలుగున “చేసినాను” అను నొక్కరూపమే నిన్నటి పనికిని ఇప్పుడే ముగిసిన పనికిని చెల్లును గదా!

ఇక జంటల విషయమున రాకపోకలు రెండువైపుల సాగినవి. ఆంగ్లేయుడు పరీక్షను “టేక్” చేయును, లేదా దానికి “సిట్” అగును. మనవారు “హావ్ రిటెన్ ది ఎగ్జామ్” అందురు. “పరీక్ష రాసిన” అను ఓరుగంటి మాటయే ఆంగ్లపు దుస్తులు తొడిగికొని నిలిచినది. దీనిని తప్పని దిద్దుట కంటె భారతీయాంగ్లపు నుడికారముగా నంగీకరించుట న్యాయమని నా తలంపు. ప్రతిగా, మన పెద్దలు “నిశ్చయించిరి”, “నిర్ణయించిరి” అని ఒక్క క్రియతో ముగించిన చోట, వార్తాపత్రికలు “టేక్ ఎ డెసిషన్”, “టేక్ యాక్షన్” అను జంటలను “నిర్ణయము తీసికొనుట”, “చర్య తీసికొనుట” అని దింపి, హనుమకొండ చౌరస్తాలో నిలిచి మాటలాడుకొనువారి నోట “నిర్ణయం తీసుకున్నరు” అని పలికించినవి.