ఇంట్లో తయారైన జలాంతర రోబో

పీవీసీ గొట్టాలు, చిన్న పంపు మోటార్లు, కెమెరాతో ఇంట్లోనే కూర్చుకునే పరికరం ఇది. రేడియో తరంగాలు నీటిలో ఎక్కువ దూరం పోవు కాబట్టి ఒడ్డు నుంచి తీగతోనే నడపాలి. 2012లో ప్రజల చందాలతో మొదలైన ఓపెన్‌ఆర్‌ఓవీ ప్రాజెక్టు ఇలాంటి రోబోలకు పేరు తెచ్చింది. సముద్రజీవులను చూసేందుకు వాడే ఈ పరికరానికి కరీంనగర్‌లో ఏం పని అనవచ్చు. మానేరుపై దిగువ మానేరు, ఉమ్మడి ఆదిలాబాద్‌లో కడెం జలాశయాలుండగా ఆ ప్రశ్న నిలవదు. వల చేపను పైకి తెస్తుంది గానీ దాని నడవడిని చూపలేదు. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను ఒడ్డున నాచులో పిల్లలకు కాపలా కాస్తుంది. అది కనబడాలంటే కెమెరా అక్కడికే వెళ్లాలి.

వానాకాలపు బురదనీటిలో ఏమీ కనబడదన్న అభ్యంతరం మాత్రం గట్టిదే. దీపం వెలుతురు పెంచితే మట్టిరేణువులు దాన్ని వెనక్కి కొట్టి తెర మరింత తెల్లబడుతుంది. దీపాన్ని కెమెరాకు దూరంగా, పక్కకు బిగించడం, నీరు తేరుకునేదాకా ఆగడం కొంత మేలు. నాచు మోటారు రెక్కలకు చుట్టుకోవడం ఇంకో తంటా. జాలీ తొడిగితే వేగం తగ్గినా పని సాగుతుంది. ఇక్కడ నేర్చింది కడలిలో పనికిరాదనడం సగమే నిజం: ఉప్పునీరు మంచినీటి కంటే దాదాపు 2.5 శాతం బరువెక్కువ కనుక, మానేరులో సరిగ్గా తేలియాడే పది కిలోల రోబోకు సముద్రంలో సుమారు పావుకిలో బరువు కలపాలి, అంతే.